రాగి చెంబుకు నీలం టబ్బు

కంటి ఆపరేషన్‌కు బయల్దేరేముందు మా అత్తగారు నాగరత్నమ్మగారు రెండు అప్పగింతలు చేశారు.

"ఏమే రేవతీ, కళ్ళు డాక్టరుకు అప్పజెప్తన్నా. చెంబు నీకు అప్పజెప్తన్నా. రెండూ జాగ్రత్తగా తిరిగి రావాల."

డాక్టరు తన మాట నిలబెట్టుకున్నాడు.

ఆ చెంబు రాగిది. రోజూ పొద్దున్నే ఆవిడ దాంతో నిండా నీళ్ళు తాగాకే మా ఇంట్లో తెల్లవారినట్టు లెక్క. మెడ కింద చుక్కలు చుక్కలుగా ఉలితో కొట్టిన పేరు ఉంటుంది: 'నాగరత్నమ్మ, 12-5-1976'. ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు వాళ్ళ అత్తగారు ఇచ్చినదట. ఆ పెద్దావిడను నేను ఫొటోలోనే చూశాను. ఫొటోలో కూడా ఆవిడ ఎవరినో కేకలు వేయడానికి సిద్ధంగా ఉన్నట్టే ఉంటుంది. జీవితంలో ఆవిడ కోడలికి ఇష్టంగా ఇచ్చింది ఈ చెంబొక్కటే అని మా అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతుంటారు.

"ఆస్పత్రిలో బయట చెప్పులే ఉండవు, లోపల చెంబు ఉంటదా?" అని దాన్ని నా దగ్గర వదిలి వెళ్ళారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ నాకు నోటితో చెప్పి అప్పగించిన మొదటి వస్తువు అదే. వాళ్ళబ్బాయిని కూడా అప్పగించలేదు, వాడుకోమని ఇచ్చారంతే.

గుంటూరులో ఆపరేషన్ అయ్యాక దాచేపల్లిలో మా ఆడపడుచు ఇంట్లో పది రోజులు ఉండి వస్తానన్నారు. సిమెంటు ఫ్యాక్టరీల పక్కన కొత్త కళ్ళకు విశ్రాంతి ఏమిటని నేను అడగలేదు. విశ్రాంతి నాకూ అవసరమే.

ఆ విశ్రాంతిలోనే కొంప మునిగింది. ఒక మధ్యాహ్నం డ్యాం పక్కనే ఉన్న మా విజయపురి సౌత్ క్వార్టర్ల వీధిలోకి మోపెడ్ మీద పాత సామాన్లవాడు వచ్చాడు. మైకులో "పాత ఇత్తడి, పాత రాగి, పగిలిన బిందెలు" అంటూ పాట. అటక మీది చిల్లుల బిందె, మూతలేని బాయిలరు, వంకర గరిటెలు ఒక గోనెసంచిలో వేసి ఇచ్చేశాను. బదులుగా ఒక పెద్ద నీలం ప్లాస్టిక్ టబ్బు ఇచ్చాడు. బేరంలో గెలిచానని ఆ రోజంతా నాకు గర్వంగా ఉంది.

నాలుగు రోజుల తర్వాత చెంబును చింతపండుతో తోమి ఉంచుదామని అర వెతికాను. లేదు. సామాన్లవాడు వచ్చిన రోజు అర సర్దుతూ, నల్లబడిన చెంబును కాసేపని ఆ గోనెసంచి మీద పెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పెరట్లో టబ్బు ఎండలో నీలంగా మెరుస్తోంది. మోపెడ్ మీద రాసి ఉన్న నంబరు పక్కింటి దీపిక ఫొటో తీసి పెట్టుకుందట, దానికి చేస్తే స్విచ్చాఫ్. ఈపాటికి చెంబు కరిగి ఏ మోటారు తీగలోకో చేరి ఉంటుంది.

మా ఆయన శ్రీనాథ్‌కు చెప్పలేదు. ఆయనది ఇరిగేషన్‌లో ఉద్యోగం. డ్యాం నుంచి ఎన్ని క్యూసెక్కులు పోయాయో చెప్పగలరు గానీ ఇంట్లోంచి చెంబు పోతే ఏం చెయ్యాలో చెప్పలేరు. పైగా ముందు వాళ్ళమ్మకు చెబుతారు.

పాత కళ్ళయితే ఏ చెంబైనా సరిపోయేది. ఆ కళ్ళకు నేనూ దీపికా ఒక్కలాగే కనపడేవాళ్ళం. ఇప్పుడు ఫోన్లో "గోడ మీద బల్లి కళ్ళార్పడం కూడా కనపడతందే!" అంటున్నారు. ఆదివారం వస్తున్నారు. చెంబు పోయిందంటే ఆవిడ తిట్టరు. తిడితే గొడవ వదిలిపోయేది. ఏమీ అనకుండా, మిగిలిన జీవితమంతా ప్లాస్టిక్ బాటిల్‌తో నీళ్ళు తాగుతారు. రోజూ పొద్దున్నే, నా ఎదురుగా.

మాచర్లలో ఒక స్టీలు సామాన్ల కొట్టుకు ఫోన్ చేస్తే, చుక్కలతో పేరు కొట్టేవాళ్ళు ఇప్పుడు పేటలోనే ఉంటారన్నారు. పేట అంటే నరసరావుపేట. మా అత్తగారి పుట్టిల్లు! అక్కడ తుమ్మితే ఆవిడకు జలుబు చేస్తుంది. అయినా తప్పదు. కోటప్పకొండ మొక్కు అని మా ఆయనకు చెప్పి గురువారం తొలి బస్సెక్కాను. చెంబు స్పష్టంగా పడిన ఫొటో ఒకటి ఫోన్లో ఉంది. మా అమ్మాయి సాయిసాత్విక ఒకసారి నానమ్మ నీళ్ళు తాగుతుంటే తీసింది.

బస్టాండు దాటాక మొదట కనపడిన ఇత్తడి, స్టీలు కొట్టులోకి వెళ్ళాను. యజమాని పుల్లారావుగారు గల్లాపెట్టె వెనక స్టీలు బిందెల మధ్య తనూ ఒక బిందెలా కూర్చుని ఉన్నారు. రాగి చెంబు అడిగాను.

"ఏ ఊరమ్మా?"

పేటలో వస్తువు చూపించే ముందు మన ఊరు చూపించాలి. నిజం చెబితే మా అత్తగారి దాకా పోతుంది. "ముప్పాళ్ళండీ," అన్నాను.

"ముప్పాళ్ళలో ఎవురి తాలూకు?"

"ఊరి చివర ఉంటామండీ."

"ఏ చివర?"

"బస్సు ఆగని చివర."

ఆయన నన్ను ఒకసారి చూసి, చెంబు తీసి ఇచ్చారు. సైజు సరిపోయింది. పేరు చుక్కలతో కొట్టించాలని చెప్పాను.

"చుక్కలా? ఈ రోజుల్లో చుక్కలేందమ్మా! మిషినుంది. సర్రున రాసిద్ది. నీ పేరు, మీ ఆయన పేరు, నడిమధ్యన గులాబీ పువ్వు గూడా వేసిద్ది."

"గులాబీ వద్దండీ. చుక్కలే కావాలి."

"అట్టయితే పాత బజారు ఎనక సందుల్లో మీరా సాహెబు దగ్గరికి పోవాల. తిన్నగా పోయి, కారం మర కాడ తుమ్మొచ్చిద్ది, అక్కడ ఎడమకు తిరుగు." ఒక సంచి నా చేతికిచ్చారు. "ఎట్టాగూ పోతన్నావుగా, ఈ ఆరు గ్లాసులు ఆయనకియ్యి. బారసాల వాళ్ళయి. సాయంత్రానికి కావాలన్నానని చెప్పు."

ముక్కూ మొహం తెలియని మనిషికి ఆరు గ్లాసులు ఇచ్చి పంపారు. ఇంట్లో చెంబునే కాపాడలేనిదాన్నని ఆయనకు తెలియదు.

రోడ్డు హారన్లు రెండు మలుపులు తిరిగేసరికి ఆగిపోయాయి. సందులు ఎంత ఇరుకంటే, ఒక అరుగు మీద కూర్చున్నావిడ వీధి దాటకుండానే ఎదురింటావిడకు కూర గిన్నె అందిస్తోంది. కప్పేసిన స్కూటరు మీద పిల్లి, పిల్లి మీద ఎండ. ఒక కిటికీలోంచి కుట్టుమిషను చప్పుడు, ఇంకో కిటికీలోంచి టీవీలో ఎవరో కోడలి ఏడుపు. నాకూ ఏడవాలనిపించింది గానీ ఆ సందు చాలా బాగుంది. పని మీద రాకపోతే సాయంత్రం దాకా అలాగే తిరిగేదాన్ని. నేను ఇరవై రెండేళ్ళుగా పేటకు వస్తున్నాను. పెళ్ళిళ్ళు, పేరంటాలు, పరామర్శలు. ఎప్పుడూ మెయిన్ రోడ్డు దాటలేదు. ఇల్లాలు వెనక సందుల్లోకి రావాలంటే ముందు ఏదో ఒకటి పోగొట్టుకోవాలి కాబోలు.

కారం మర దగ్గర తుమ్మొచ్చింది. నాతో పాటు ఒక కుక్క కూడా తుమ్మింది. ఎడమకు తిరిగాను. అక్కడ మూడు ఎడమలున్నాయి.

ఒక అరుగు మీద దారాలూ గుండీలూ చీర ఫాల్స్ అమ్మే చిన్న కొట్టు కనపడింది. గోడకు బైబిలు వాక్యాల క్యాలెండరు. కింద అరవై ఏళ్ళావిడ చీరకు ఫాల్ కుడుతోంది. పక్కావిడ పిలుపును బట్టి పేరు హన్నమ్మ అని తెలిసింది. మీరా సాహెబు కొట్టు ఎక్కడని అడిగాను.

"ఏ ఊరు?"

ఒకే అబద్ధం రెండుచోట్ల చెబితే దొరికిపోతామని నా తెలివి. "గురజాలండీ. టీచర్ని," అన్నాను. డిగ్రీ ఇన్నాళ్ళకు అబద్ధానికైనా పనికొచ్చింది.

సూది ఆగింది. "ఏ బళ్ళో? మా తమ్ముడు దేవదాసు గురజాల్లోనే సారు."

"నేను... ప్రైవేటులోనండీ."

"ఏ ప్రైవేటు?"

"మూసేశారండీ."

"ఎప్పుడు?"

ఇప్పుడే, అనబోయి మింగేశాను. ఇంతలో ఆవిడ ఫోన్ మోగింది. చేతిలో సూది ఉందని స్పీకర్లో పెట్టింది. పుల్లారావుగారి గొంతు సందంతా వినపడింది.

"హన్నమ్మక్కా, ముప్పాళ్ళ ఆమె అటేమన్నా వచ్చిందా? ఆకుపచ్చ చీర, చేతిలో నా గ్లాసుల సంచి."

హన్నమ్మ నా చీర చూసింది. సంచి చూసింది.

"ముప్పాళ్ళ ఆమె రాలా అన్నా. గురజాల టీచరమ్మ వచ్చింది. చీర మాత్రం అదే. సంచి గూడా అదే."

"గ్లాసులు లెక్కబెట్టక్కా," అన్నారు పుల్లారావుగారు.

ఆరూ ఉన్నాయి. వాటితో పాటు నా కొత్త రాగి చెంబూ బయటపడింది. లెక్క సరిపోయినందుకు హన్నమ్మకు కొంచెం నిరాశ కలిగినట్టుంది. "ఎవురి చెంబు కొట్టేశావమ్మే?" అంది సూటిగా.

"కొట్టెయ్యలేదండీ. మా ఇంటి చెంబే పొరపాటున ఇచ్చేశాను."

ఆవిడ చీర మడిచి, షట్టరు సగం దించి, చెప్పులేసుకుంది. "పద. దొంగవైతే సాహెబు కాడ తేలిద్ది. కాకపోతే కథ తెలిసిద్ది. ఎట్టయినా నాకు పొద్దు పోయిద్ది."

మూడో ఎడమ చివర మీరా సాహెబు కొట్టు. బోర్డు లేదు. గుమ్మానికి వేలాడే స్టీలు పళ్ళెం మీదే చుక్కలతో 'పేర్లు కొట్టబడును' అని ఉంది. ఒక కర్ర మొద్దు, చిన్న సుత్తి, నాలుగు ఉలులు. వాటి వెనక అరవై దాటిన సన్నటి మనిషి, కళ్ళజోడుకు ఒకవైపు దారం.

"రామ్మా. ఏ ఊరు?"

"విజయపురి సౌత్," అన్నాను. అబద్ధాలాడే ఓపిక అయిపోయింది.

"ఇది మూడో ఊరు సాహెబూ," అని హన్నమ్మ అరుగు మీద సర్దుకుని కూర్చుంది.

మోపెడ్, గోనెసంచి, నీలం టబ్బు, ఆదివారం, కొత్త కళ్ళు. మొత్తం చెప్పేశాను. చెప్పడం మొదలుపెట్టాక బాగానే ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేనిది రెండు నిమిషాల కింద పరిచయమైనవాళ్ళకు చెప్పాను. హన్నమ్మ టబ్బు సైజెంతని అడిగింది. చేతులతో చూపిస్తే, "పర్లేదు, మంచి బేరమే," అంది.

మీరా సాహెబు ఫోన్ తీసుకుని, ఫొటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి, కళ్ళజోడు పైకెత్తి చూశాడు. కాసేపటికి ఆయన భుజాలు కదలడం మొదలైంది. చప్పుడు లేకుండా నవ్వుతున్నాడు.

"ఈ చెంబు ఎప్పటిదంట?"

"తేదీ ఉంది కదండీ. డెబ్భై ఆరు. మా అత్తయ్య కాపురానికొచ్చినప్పుడు వాళ్ళత్తగారు ఇచ్చారు."

"డెబ్భై ఆరులో నేను ఎనిమిదో తరగతి తప్పుతా ఉన్నానమ్మా."

"అయితే?"

తేదీ చివర చిన్న ఆకు బొమ్మ ఉంది. ఇన్నేళ్ళూ దాన్ని నేను గీత అనుకున్నాను. ఆయన దాని మీద వేలు పెట్టాడు. "ఇది వేపాకు. నా గుర్తు. మా ఉస్తాదు చివర్న నక్షత్రం కొట్టేవాడు. ఆయన మంచానబడ్డాక ఎనభై ఒకటిలో నేను కొట్టులో కూర్చొని ఆకు పెట్టుకున్నా. ఆకుతో కొట్టిన మొట్టమొదటి పేరు ఇదే."

డెబ్భై ఆరు నాటి చెంబు మీద ఎనభై ఒకటి నాటి ఆకు ఎలా మొలిచిందో నాకు వెంటనే అర్థం కాలేదు. హన్నమ్మకు అయింది. "చెప్పు సాహెబూ," అంటూ ముందుకు జరిగింది.

"పేరు చెప్పను. ఎవురికీ చెప్పనని అప్పుడే ఒట్టేశా. ఒకమ్మాయి వచ్చింది. మన పేట పిల్లే, కాపురం అవతల ఊళ్ళో. చంకలో మూడేళ్ళ పిల్లోడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. అప్పుడు ఆడోళ్ళందరికీ స్టీలు పిచ్చి గదా. ఈధిలోకి స్టీలు సామాన్లోడు వస్తే, అత్త పెట్టిన రాగి చెంబు వాడికిచ్చేసి నాలుగు గిన్నెల క్యారేజీ తీసుకుందంట. తీసుకున్నాక అత్త గుర్తొచ్చింది. అత్తేమో పులి. తేదీతో సహా అట్టాగే కొట్టియ్యమని ఒకటే బతిమాలింది. కొట్టిచ్చా."

"ఎవురు సాహెబూ ఆ పిల్ల?" అంది హన్నమ్మ.

"చెప్పనన్నాగా!" అన్నాడాయన. చేతిలో ఫోన్ నిండా 'నాగరత్నమ్మ' అని అరచేయంత అక్షరాలు.

నాకు మా వంటింటి పై అర గుర్తొచ్చింది. అక్కడ పాత తువ్వాలులో చుట్టిన నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ ఒకటి ఉంది. 'మా పుట్టింటోళ్ళు పెట్టింది, ఎవురూ ముట్టుకోమాకండి' అంటారు అత్తగారు. ఆవిడ కూడా దాన్ని ముట్టుకోరు.

"ఆ పిల్లోడు నా సుత్తి లాక్కొని ఇయ్యలా," అన్నాడు మీరా సాహెబు. "ఇయ్యమంటే ఒకటే రాగం."

"ఇప్పటికీ అంతేనండీ," అన్నాను. ఇంకా పేరు దాచానని అనుకుంటున్నది ఆయనొక్కడే.

చెంబును మొద్దుకు తొడిగి పని మొదలుపెట్టాడు. టక్కు టక్కు మని ఒక్కో చుక్కా పడుతోంది. మధ్యమధ్య చెయ్యి వణికితే ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ కొట్టాడు. హన్నమ్మ పక్కింటి నుంచి టీ తెప్పించింది. తేదీ అయ్యాక ఆయన తలెత్తి, "పాతదానికి సొట్ట ఏ పక్క?" అని అడిగాడు. ఫొటోలో చూపించాను. చెంబును ఒళ్ళో పెట్టుకుని, పిల్లాడి వీపు తట్టినట్టు సుత్తితో ఒక్కటి వేశాడు. అచ్చం అదే సొట్ట. చివరికి వేపాకు కొట్టి నాకిచ్చాడు.

"రెండోసారి కొట్టా ఈ చెంబును. మూడోసారికి నేనుండను. నీ కోడలికి చెప్పుకో."

"నాకు కూతురేనండీ."

"అయితే దానికి ఇప్పుడే చెప్పు."

సందు చివరి దాకా హన్నమ్మ వచ్చింది. "దొంగవనుకున్నా. ఏమనుకోమాకమ్మే," అంది. "ఇంతకీ మీ అత్త ఏ బజారు పిల్ల?" నాకు తెలియదన్నాను. నాలుగో అబద్ధం.

ఆదివారం మా అత్తగారు నల్ల కళ్ళద్దాలతో దిగారు. గుమ్మంలోనే ఫ్యాను రెక్కల దుమ్ము కనిపెట్టారు. తర్వాత నన్ను ఆపాదమస్తకం చూశారు.

"నీకు తెల్లెంట్రుకలు ఎప్పుడొచ్చినయ్యే?"

"మీ పాత కళ్ళ కాలంలోనే అత్తయ్యా."

మర్నాడు పొద్దున నేను పొయ్యి దగ్గర నిలబడి, పాలు పొంగకపోయినా పాలనే చూస్తున్నాను. ఆవిడ చెంబెత్తి నీళ్ళు తాగారు. దించారు. వెలుతురు వైపు తిప్పారు. పేరును వేలితో మెల్లగా నిమిరారు. సొట్ట తడిమారు. ఆ తర్వాత పెరట్లోకి చూశారు.

"ఆ టబ్బు ఎప్పటిది?"

"కొత్తదండీ."

"బాగుంది. నీలం." చెంబును మళ్ళీ వెలుతురుకు పెట్టారు. "మీరా సాహెబుకు చెయ్యి వణుకుతా ఉన్నట్టుందే."

పాలు అప్పుడు పొంగాయి. కొత్త కళ్ళతో కనిపెట్టారో, పేట నుంచి ఫోనే వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"వయసొచ్చింది కదండీ," అన్నాను పొయ్యి కట్టేస్తూ. "ఆకు మాత్రం కుదురుగానే కొట్టారు."

"నోరు జారాడా?"

"లేదండీ. పేరు చెప్పనని ఒట్టేశారట."

ఆవిడ నా వైపు చూశారు, నేను ఆవిడ వైపు. ముందు ఎవరు నవ్వామో చెప్పలేను. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకున్నారు. కంటికి నీళ్ళు రాకూడదని డాక్టరు చెప్పిన మాట గుర్తుచేద్దామంటే నాకు మాట రావడం లేదు. ఆ చప్పుడుకు మా ఆయన బ్రష్ నోట్లో పెట్టుకునే పరిగెత్తుకొచ్చారు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు," అన్నారు అత్తగారు. "ఆ రోజు ఆయన సుత్తి ఆయనకు ఇచ్చెయ్యాల్సిందిరా నువ్వు."

"ఏ సుత్తి?" అన్నారాయన. ఎవరూ చెప్పలేదు. ఆఫీసుకు వెళ్ళేదాకా అడుగుతూనే ఉన్నారు.

"ఏమే," అన్నారు అత్తగారు తర్వాత, కళ్ళజోడు తుడుచుకుంటూ. "పైనున్న క్యారేజీ దించు. పులిహోర కట్టు. డ్యాం చూసొద్దాం. ఇన్నేళ్ళు పక్కనే ఉన్నా, నాకెప్పుడూ మసగ్గానే కనపడింది."

స్టూలు వేసుకుని దించాను. నలభై ఏళ్ళుగా వాడని స్టీలు, తువ్వాలు విప్పగానే దుమ్ములోంచి కూడా మెరిసింది. గిన్నెలు నాలుగూ విడదీసి, నీలం టబ్బులో నీళ్ళు పోసి అందులో వేశాను. రెండు తరాల తెలివితేటలు ఒకే నీళ్ళలో నానుతున్నాయి.